పిడి చూసి చాకు: మడత చాకుల సేకరణకు సమగ్ర మార్గదర్శి

మా తాత రొంటిన ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. చిత్తూరు దగ్గర మా మామిడి తోటలో కాయ కోసి రుచి చూడాలన్నా, వక్క చీల్చాలన్నా, పలుపుతాడు తెంచాలన్నా అదే. ఆయన పోయాక అది నా చేతికి వచ్చింది. సాన పట్టీ పట్టీ బ్లేడు సగానికి అరిగిపోయింది. గేదె కొమ్ముతో చేసిన నల్లటి పిడి మాత్రం నిండుగా ఉంది. బొటనవేలు ఆనే చోట చిన్న గుంట. చేసినవాడు చెక్కిన గుంట కాదది. ఒకే మనిషి వేలు నలభై ఏళ్లు ఆనినందువల్ల పడింది.

చాకులు సేకరించేవారిలో ఎక్కువమంది ఉక్కు గురించే మాట్లాడుకుంటారు. నేను పిడి చూసి కొంటాను. బ్లేడు అరుగుతుంది, విరుగుతుంది, కొత్తది పడుతుంది. వాడిన మనిషి జాడ పిడిలోనే మిగులుతుంది. పైగా మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఏ చాకు ఇంట్లో ఉండవచ్చో, ఏది ఉండకూడదో తేల్చేదీ ఎక్కువగా పిడే. అందుకే ఈ మార్గదర్శి మొత్తం పిడి చుట్టూ తిరుగుతుంది.

1. మూడు చాకులతో మొదలుపెట్టండి

మొదటి ఏడాది మూడింటికి మించి కొనవద్దు. ఒకటి చెక్క పిడిది, ఒకటి కొమ్ము లేదా ఎముక పిడిది, ఒకటి లోహపు పిడిది. ఈ మూడూ రోజూ చేతిలో ఆడితే తర్వాత కనిపించే ప్రతి పిడినీ వాటితో పోల్చుకోగలుగుతారు. ఒకేసారి ఇరవై కొన్నవారికి ఇరవై వస్తువులు మిగులుతాయే గాని చేతికి జ్ఞాపకం ఏర్పడదు.

చెక్కకు నా సలహా ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతపు ఒపినెల్. జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన ఈ చాకు రూపం ఇప్పటికీ పెద్దగా మారలేదు. బీచ్ చెక్క పిడి, బ్లేడు వైపు చివర తొడిగిన ఒక లోహపు పొన్ను, ఒక బ్లేడు, అంతే. తెరిచిన బ్లేడు జారి మూసుకోకుండా పొన్ను మీద తిరిగే ఉంగరాన్ని 1955లో చేర్చారు. 8వ నంబరు కొనండి. 8.5 సెంటీమీటర్ల బ్లేడు మామిడికాయకు సరిగ్గా సరిపోతుంది.

లోహానికి జపానులోని మికి పట్టణపు హిగోనోకామి. ఒక రేకును మడిచి పిడిగా చేస్తారు. స్ప్రింగు లేదు, తాళం లేదు. బ్లేడు మొదట్లో బయటికి పొడుచుకొచ్చిన చిన్న తోకను బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. ఇంత తక్కువ భాగాలతో చాకు చేయవచ్చని చూపించే వస్తువు ఇంకొకటి నా దగ్గర లేదు.

కొమ్ము పిడి చాకును మాత్రం కొత్తది కొనకముందు మీ ఇంట్లోనే వెతకండి. అటక మీది ట్రంకు పెట్టెలో, పాత వక్కాకు సంచిలో, అమ్మమ్మ పోపులపెట్టె అడుగున తరచుగా దొరుకుతుంది.

2. భాగాల పేర్లు తెలుసుకోండి

పాత పద్ధతి మడత చాకులో తాళం ఉండదు. పిడి వెన్ను వెంట ఒక ఉక్కు స్ప్రింగు ఉంటుంది. అది బ్లేడు మొదలును నొక్కి పట్టుకుంటుంది. తెరిచినప్పుడూ మూసినప్పుడూ ‘టక్’ మని వినిపించేది ఆ స్ప్రింగే. దానికి రెండు వైపులా పల్చటి లోపలి రేకులు, వాటి మీద పిడి పలకలు, అన్నిటినీ కలిపి బిగించే రివెట్లు. చేతికర్రకు తొడిగినట్టే పిడి చివర లోహపు పొన్ను ఉంటుంది. బ్లేడు మీద గోరు పట్టడానికి ఒక గాడి.

చేతికి తీసుకోగానే చాకును మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. స్ప్రింగుకూ రేకుకూ మధ్య సందులో వెలుగు కనిపిస్తే ఆ చాకు ఎక్కడో దెబ్బ తిని ఉండవచ్చు, లేదా దాన్ని ఎవరో విప్పి మళ్లీ బిగించి ఉండవచ్చు. తర్వాత రివెట్ల చుట్టూ చూడండి. పిడి పగులు దాదాపు ఎప్పుడూ అక్కడి నుంచే మొదలవుతుంది.

3. కొనే ముందు చట్టం

ఈ మెట్టు దాటవేయవద్దు. మన ప్రాంతంలో దీని బరువు మరీ ఎక్కువ.

ముందు బ్లేడు సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు గాని, 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవి దీనికి మినహాయింపు. మనం మాట్లాడుకుంటున్న చాకులు ఈ కొలతల్లో సగం కూడా ఉండవు. ఉత్తర ప్రదేశ్‌లోని రాంపూర్ పేరు మోసిన పొడుగు బ్లేడు చాకుల జోలికి, మీట నొక్కగానే తెరుచుకునే వాటి జోలికి మాత్రం వెళ్లవద్దు. చిన్న చాకునైనా జేబులో వేసుకొని ఎక్కడికిబడితే అక్కడికి వెళ్లలేం. అలిపిరి దగ్గర సామాను తనిఖీ ఉంటుంది. కొండకు వెళ్లే రోజు చాకు ఇంట్లోనే ఉండాలి. రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు చేతి సంచిలో ఉండకూడదు.

ఇక పిడి. ఎర్రచందనం మన శేషాచలం కొండల చెట్టు. చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు వైపు తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్యం మీద నియంత్రణ ఉన్న జాతుల పట్టికలో ఉంది. అటవీ శాఖ వేలంలో కొన్న దుంగకైనా కాగితాలు ఉండాలి, అక్కడి నుంచి కదిలిస్తే రవాణా అనుమతి ఉండాలి. ‘చిన్న ముక్కే కదా, పిడికి సరిపోయేంతే కదా’ అని ఎవరైనా తెచ్చి ఇస్తే తీసుకోవద్దు. ఆ చిన్న ముక్క వెనుక నరికిన చెట్టు ఉంటుంది. చెట్టు నరకడానికి తెచ్చిన పేద కూలీల బతుకులు కూడా ఉంటాయి. ఎర్రచందనం పుట్టిన నేల మీద ఉంటూ నా సేకరణలో ఒక్క ఎర్రచందనం పిడి కూడా లేదు. ఆ ఖాళీ చోటును నేను కావాలని ఉంచుకున్నాను.

జింక కొమ్ము విషయం ఇంకా తీవ్రమైనది. ఇంగ్లండులోని షెఫీల్డ్ పనివారు గరుకు బెరడు లాంటి పైపొర ఉన్న పిడుల కోసం భారతదేశపు కణితి (సాంబర్ అనే పెద్ద జింక) కొమ్ములను ఇష్టపడేవారు. కణితి ఏటా కొమ్ములు రాల్చుకుంటుంది కాబట్టి జంతువును చంపనవసరం లేదన్న వాదన ఉండేది. రాలిన కొమ్ముకూ చంపి తీసిన కొమ్ముకూ తేడా సంతలో ఎవరూ నిరూపించలేరు. ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో కణితి, దుప్పి కొమ్ముల వ్యాపారం నేరం. శేషాచలం అడవిలో రాలిపడిన కొమ్మును ఏరుకొని రావడం కూడా నేరమే. ఏనుగు దంతానికీ, తాబేటి చిప్పకూ ఇదే వర్తిస్తుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులను చూసినవారికి దంతపు పిడి మీద మోజు ఎలా కలుగుతుందో నాకు అర్థం కాదు.

గేదె కొమ్ము, పశువుల ఎముక, ఒంటె ఎముక, మామూలు కలప, లోహం, ప్లాస్టిక్కులు: వీటితోనే జీవితకాలానికి సరిపడా సేకరణ తయారవుతుంది. గేదె కొమ్ము పనికి ఉత్తర ప్రదేశ్‌లోని సంభల్, మన శ్రీకాకుళం సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఒడిశాలోని పర్లాకిమిడి ప్రసిద్ధి.

4. ఎక్కడ వెతకాలి

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత ఇత్తడి, రాగి పాత్రలు కొని అమ్మే అంగళ్లను అడగండి. తూకానికి వచ్చిన పాత సామానులో అడకత్తెరలు, సున్నపు డబ్బాలతో పాటు చాకులూ వస్తాయి. పాత ఇనుము దుకాణంలో అయితే ఉదయమే వెళ్లాలి, సామాను వేరుచేయక ముందే. వారపు సంతల్లో దొరికేవి ఎక్కువగా కొత్తవి. వాటినీ చిన్నచూపు చూడవద్దు. కమ్మరి చేసిన చాకుకు అతను చేతికి అందిన తుమ్మ చేవనో, చింత చేవనో పిడిగా బిగిస్తాడు. అలాంటిది ఏ కంపెనీ జాబితాలోనూ ఉండదు.

మన నేలకు సొంతమైన మడత చాకు కూడా ఒకటి ఉంది. తాటాకుల మీద రాసే గంటం ఒక చివర, ఆకును సరిచేసే చిన్న బ్లేడు మరో చివర, రెండూ ఒకే పిడిలోకి మడుచుకునే పనిముట్లను దక్షిణ భారతంలో వాడేవారు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థలోని తాళపత్రాలను చూసినప్పుడు నాకు అక్షరాలతో పాటు ఆకు అంచులు కూడా ఆసక్తి కలిగిస్తాయి. అంత తిన్నగా కోసిన బ్లేడు ఎలా ఉండేదో అనిపిస్తుంది. ఇలాంటి పాతవి ఎదురైతే రెండు జాగ్రత్తలు: పిడి దంతమైతే కొనకూడదు, వందేళ్లు దాటిన వస్తువును అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

5. గుర్తులు చదవండి

బ్లేడు మొదట్లో తయారీదారు గుర్తు ఉంటుంది. మా తాత చాకు మీద తుప్పు తుడిచాక ఒక నక్షత్రం, దాని పక్కన ఒక శిలువ బయటపడ్డాయి. అది షెఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ రోజర్స్ సంస్థ గుర్తు. ఆంగ్లేయుల కాలంలో ఆ పేరుకు మన దేశంలో ఎంత గిరాకీ ఉండేదంటే నకళ్లు కూడా విపరీతంగా వచ్చాయి. మా తాతది అసలుదో నకలో నేను తేల్చలేదు, తేల్చాలని కూడా లేదు. మీరు డబ్బు పెట్టి కొంటున్నప్పుడు మాత్రం అక్షరాలు లోతుగా, అంచులు తీరుగా ఉన్నాయో లేదో భూతద్దంతో చూడండి.

పిడి సేకరించేవారికి అమెరికాలోని కేస్ సంస్థ అంకెలు చాలా ఉపయోగం. వారి నమూనా సంఖ్యలో మొదటి అంకె పిడి పదార్థాన్ని, రెండోది బ్లేడుల సంఖ్యను చెబుతుంది. 6 అంటే ఎముక, 5 అంటే జింక కొమ్ము, 3 అంటే పసుపుపచ్చ కృత్రిమ పదార్థం. 6254 అని ఉంటే ఎముక పిడి, రెండు బ్లేడులు, 54 ఆ చాకు ఆకారం. 5తో మొదలైతే మన దేశంలో దాని జోలికి పోవద్దు.

6. పిడి దేనితో చేసిందో గుర్తించడం

కళ్లకన్నా ముందు చేతికి, ముక్కుకు పని పెట్టండి. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి చాలు.

చెంపకు ఆనించండి. ఎముక చల్లగా తగులుతుంది. కొమ్ము అంత చల్లగా ఉండదు, త్వరగా ఒంటి వేడిని అందుకుంటుంది. లోహం అన్నిటికన్నా చల్లన. భూతద్దంతో ఎముకను చూస్తే సన్నని చుక్కలు, చిన్న గీతలు కనిపిస్తాయి. బతికి ఉన్నప్పుడు రక్తనాళాలు నడిచిన దారులవి. రంగు వేసిన ఎముకలో ఆ చుక్కలే ముదురుగా తేలతాయి. కొమ్ము మన గోళ్లు, వెంట్రుకల జాతి పదార్థం. దానిలో పొరలు, పోగులు ఉంటాయి. లేత రంగు కొమ్మును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే పల్చటి అంచుల నుంచి వెలుగు దూరి వస్తుంది. ఏ చుక్కా, ఏ పొరా లేకుండా రెండు పలకల మీదా ఒకే మచ్చ ఒకే చోట ఉంటే అది అచ్చులో పోసిన ప్లాస్టిక్కు. ‘జింక కొమ్ము’ అని చెప్పి నాకు ఒకసారి చూపించిన చాకు రెండు వైపులా ఒకే గరుకు, ఒకే గాట్లు ఉన్నాయి. ప్రకృతి రెండు సార్లు ఒకే గీత గీయదు.

కృత్రిమ పిడుల్లో పాతది, అందమైనది, అపాయకరమైనది సెల్యులాయిడ్. పత్తి నుంచి తీసిన పదార్థాన్ని నత్రికామ్లంతో మార్చి, కర్పూరం కలిపి చేసేవారు. బొటనవేలితో పిడిని ఒక నిమిషం గట్టిగా రుద్ది వాసన చూడండి. హారతి పళ్లెం వాసన వస్తే అది సెల్యులాయిడ్. గుడి ఊళ్లో పుట్టి పెరిగిన మన ముక్కులు ఈ వాసనను ఇట్టే పట్టేస్తాయి. అలాగే రుద్దినప్పుడు ఆసుపత్రిలో మందునీళ్లతో తుడిచినట్టు ఘాటుగా వస్తే బేకలైట్ కావచ్చు. 1907లో లియో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన ప్లాస్టిక్కు అది. గుడ్డను గాని కాగితాన్ని గాని అదే రకం జిగురులో ముంచి ఒత్తిడితో పలకలుగా చేస్తే మైకార్టా అవుతుంది. దాని అంచున గుడ్డ నేత పోగులు కనిపిస్తాయి.

కాల్చిన సూదితో గుచ్చి చూడమని కొందరు చెబుతారు. ఎప్పుడూ చేయకండి. పిడికి మచ్చ పడుతుంది. అది సెల్యులాయిడ్ అయితే భగ్గున అంటుకుంటుంది.

కలపను గుర్తించడం కష్టం. నేను బరువు, నార, రంగు చూస్తాను. చింత చేవ ముదురు గోధుమ రంగులో కొంచెం ఊదా ఛాయతో చాలా గట్టిగా ఉంటుంది. నల్లతుమ్మ చేవ ఎర్రటి గోధుమ రంగు, పనిముట్ల పిడులకు రైతులు తరతరాలుగా నమ్మింది. టేకు నూనెగా, తేలికగా తగులుతుంది. ఎర్రచందనం చేవ నీటిలో మునిగేంత బరువు. దాని రంగు నీటిలో పెద్దగా దిగదు గాని స్పిరిట్‌లో ఎర్రగా దిగుతుంది. అమ్మేవాడు ‘మామూలు ఎర్ర కర్ర’ అంటున్నది ఏమిటో తెలుసుకోవడానికి ఈ సంగతి పనికొస్తుంది.

7. పక్కపక్కన పెట్టి పోల్చండి

అందం గురించి రాసుకునే ముందు పని చేయించండి. నా పద్ధతి ఇది. మే నెలలో ఒక రోజు, నవంబరులో ఒక రోజు. రెండు రోజులూ ఒకే పని: చాకుకు అయిదు చొప్పున కాయలు కోయడం, ఒక జనపనార తాడు తెంచడం, ఒక వేప పుల్ల చెక్కడం. ఒకసారి పొడి చేత్తో, ఒకసారి తడి చేత్తో.

మే ఎండలో గట్టు మీద పదిహేను నిమిషాలు ఉంచిన హిగోనోకామిని పట్టుకోవడం కష్టం. చెక్క పిడి అప్పుడూ చేతికి హాయిగానే ఉంటుంది. నున్నటి కొమ్ము చెమట చేతిలో కాస్త జారుతుంది. గాట్లు పెట్టిన ఎముక జారదు. పాత పనివారు ఎముక మీద ఆ గాట్లు ఊరికే సింగారానికి పెట్టలేదు. స్విస్ సైనికుల చాకు 1891లో ముదురు రంగు ఓక్ చెక్క పిడితో మొదలై, ఇప్పుడు గళ్లు వేసిన అల్యూమినియం పిడితో కూడా దొరుకుతోంది. తడి చేతికి ఆ గళ్లే ఆధారం.

నవంబరులో కథ తిరగబడుతుంది. వాయుగుండాలు వచ్చి నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు బీచ్ పిడి తేమ తాగి ఉబ్బుతుంది, ఒపినెల్ బ్లేడు బిగుసుకుపోతుంది. గోరు విరిగేలా లాగకండి. పిడి వెనుక చివరను బల్ల అంచుకు ఒక్కసారి తట్టండి. బ్లేడు కొద్దిగా బయటికి వస్తుంది. సవోయ్ పల్లెల్లో పాతకాలం నుంచీ ఇదే పద్ధతి. లోహానికి ఈ బాధ లేదు. ఎముక ఇంచుమించు కదలదు గాని కిందపడితే రివెట్టు దగ్గర చిట్లుతుంది. కొమ్ము పడినా సులభంగా విరగదు. ఎండకు పొర లేస్తుంది, తేమకు వంగుతుంది.

రోజూ జేబులో పెట్టుకోవడానికి ఒక్కటే ఎంచుకోమంటే మన వాతావరణానికి నేను గాట్లు పెట్టిన ఎముకనే ఎంచుకుంటాను. మనసుకు నచ్చేది మాత్రం కొమ్మే.

8. శుభ్రం చేయడం

మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చేయి చింతపండు వైపు వెళుతుంది. పాత చాకు విషయంలో ఆ చేతిని ఆపండి. తాత చాకు పొన్నును, ఇత్తడి రివెట్లను నేను చింతపండుతో మెరిసేలా తోమాను. పులుపు నీళ్లు పలకల కింద సందుల్లోకి దిగాయి. రెండు నెలలకు రివెట్ల చుట్టూ పచ్చని చిలుము పొంగి కొమ్ము పలకను పైకి లేపింది. ఇప్పుడు పొడి నూలు గుడ్డ, వెదురు పుల్ల, కుట్టు మిషన్ నూనె ఒక చుక్క, ఇంతకు మించి వాడను. కార్బన్ ఉక్కు బ్లేడు మీద మామిడి సొన వల్ల వచ్చే నల్లటి పొరను గీకవద్దు. అది తుప్పును కొంత ఆపుతుంది. ఎర్రటి తుప్పును మాత్రం నూనె వేసి మెత్తగా తీసేయాలి.

కొబ్బరి నూనె, నువ్వుల నూనె కీలులో వేయకండి. కాలం గడిచేకొద్దీ జిగటగా మారి దుమ్ము పట్టుకుంటాయి. కొమ్ము, ఎముక పిడులకు మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ ఏడాదికి రెండుసార్లు గుడ్డతో అద్దితే చాలు. చెక్కకు అవిసె నూనె మంచిది. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయవద్దు. ఆరేటప్పుడు పుట్టే వేడికి దానంతట అదే అంటుకోగలదు. విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి.

9. దాచడం, రాసుకోవడం

సెల్యులాయిడ్ పిడి చాకులను మిగతావాటితో కలిపి మూసిన డబ్బాలో పెట్టకండి. ఆ పదార్థం ముసలిదయ్యే కొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. అలాంటి ఒక్క చాకు నా రేకు డబ్బాలో రెండు వానాకాలాలు గడిపేసరికి పక్కనున్న నాలుగు బ్లేడులు తుప్పు పట్టాయి. దానికి గాలి ఆడే చోటు, విడి గూడు, స్టవ్వుకు దూరం. తోలు ఒరల్లో కూడా ఏ చాకునూ ఎక్కువ కాలం ఉంచకూడదు. తోలు ఊనడానికి వాడే పదార్థాలు ఇత్తడిని పచ్చగా మారుస్తాయి. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లం పక్కన పెట్టండి. కొమ్మును తినే పురుగులు ఉన్నాయి. పిడి మీద సన్నని గాడులు, గుడ్డలో పొడి కనిపిస్తే వెంటనే ఆ చాకును వేరుచేయండి.

ప్రతి చాకుకూ నోటు పుస్తకంలో ఒక పేజీ ఇవ్వండి. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారు, పిడి ఏమిటని అమ్మినవాడు చెప్పాడు, ఏమిటని మీరు తేల్చారు, మూసినప్పటి పొడవు, బరువు, పగుళ్లు ఎక్కడున్నాయి. రసీదును అదే పేజీకి అంటించండి. ఆ చాకును అంతకుముందు ఎవరు వాడారో, దేనికి వాడారో అమ్మేవారిని అడిగి వారి మాటల్లోనే రాసుకోండి. పాత ఇనుము దుకాణంలో ఈ ప్రశ్న అడిగితే మొదట వింతగా చూస్తారు, తర్వాత చెబుతారు.

అక్టోబరు మొదటి వానకు ముందు ఒక ఆదివారం అన్నిటినీ బయటికి తీసి, తుడిచి, తెరిచి మూసి, రివెట్ల చుట్టూ భూతద్దంతో చూసి, పేజీలో తేదీ వేయండి. సంక్రాంతి దాటాక మళ్లీ ఒకసారి. నా పుస్తకంలో మొదటి పేజీ తాత చాకుది. లేచిన కొమ్ము పలక కింద చిలుము తీసేసి, అదే పలకను అవే రంధ్రాల్లో కొత్త రివెట్లతో బిగించింది మా ఊరి కమ్మరి. బొటనవేలి గుంటను సానకు ఆనించవద్దని నేను చెప్పకముందే, దాని చుట్టూ గుడ్డ చుట్టి పని మొదలుపెట్టాడు. అది కూడా ఆ పేజీలో రాసి ఉంచాను.